రాత్రి పోయే నెట్‌ని పగలొచ్చి వెతికితే దొరకదు: గోదావరి డెల్టాలో ఇంటర్నెట్ ఇస్తున్నవారికి బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలో ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తున్న సంస్థల జిల్లా అధికారులకు, వాళ్ళ దగ్గర లైన్లు తీసుకుని నడుపుతున్న కేబుల్ ఆపరేటర్లకు, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల యంత్రాంగానికి

నమస్కారం.

రాజోలు చుట్టుపక్కల మండలాల్లో షాపులకీ, స్కూళ్ళకీ, చిన్నచిన్న ఆఫీసులకీ నెట్‌వర్క్ పని చేసిపెట్టి బతికేవాణ్ణి నేను. తుఫానొచ్చినా వరదొచ్చినా నిచ్చెన భుజాన వేసుకుని స్తంభాలెక్కే మీ లైన్ కుర్రాళ్ళ కష్టం దగ్గర్నుంచి చూశాను, వాళ్ళలో చాలామంది నాకు తెలిసినవాళ్ళే, వాళ్ళ మీద నాకే కోపమూ లేదు. రాతపూర్వకంగా ఇచ్చిన అర్జీలకి మీ నుంచి జవాబు రాలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన ప్రతిసారీ "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది, సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అందుకే ఇక నలుగురి ముందూ చెబుతున్నాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే అందరిదీ ఇదే పద్ధతి.

నెట్ పూర్తిగా పోతే పెద్ద చిక్కు లేదు. ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌యూ డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది, మీ కుర్రాడొస్తాడు, ఫైబర్ తెగిన చోట జాయింట్ కొడతాడు, అయిపోతుంది. మమ్మల్ని చంపుకుతినేది వచ్చిపోయే లైను. రాత్రి ఎనిమిదింటికి కుంటుపడి పదకొండుకి తేరుకునేది, గాలి గట్టిగా వీస్తే అర నిమిషం ఆగి మళ్ళీ అందుకునేది, వాన పడ్డాక రెండ్రోజులు సగం సగం వచ్చేది. దీని మీద ఫిర్యాదు పెడితే కుర్రాడు మర్నాడు మధ్యాహ్నం వస్తాడు, అప్పటికి లైను బ్రహ్మాండంగా ఉంటుంది. ఫోన్లో స్పీడ్ టెస్ట్ కొట్టి, "బానే వస్తోంది కదండీ" అని చూపించి, రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేసి వెళ్ళిపోతాడు. వాడి తప్పేముంది, జబ్బు కనపడని టైములో వచ్చాడు. టికెట్ మూసేస్తారు. రాత్రికి మళ్ళీ మామూలే. మళ్ళీ ఫోన్ చేస్తే మళ్ళీ మొదటి నుంచి, రౌటర్ ఆపారా, ఆన్ చేశారా, లైట్లు ఎన్ని వెలుగుతున్నాయి...

గోదారికి వరదొస్తే మన ప్రాంతంలో ఎవరం ఊహల మీద బతకం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎప్పటికప్పుడు కొలిచి చెబుతారు, ఆ అంకె విని నది మధ్య లంకల్లో వాళ్ళు పశువుల్ని గట్టు మీదికి తోలుకుంటారు. "మేం చూసినప్పుడు నీళ్ళు లేవండీ" అని ఏ అధికారీ అనడు. మా ఇంటర్నెట్ లైనుకి కూడా అలాంటి గేజి ఒకటి కావాలని, అది చవగ్గా దొరుకుతోందని చెప్పడానికే ఇంత ఉత్తరం.

దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. 2012 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పడం కోసం తెచ్చిన ఏటీఎం కార్డంత కంప్యూటర్, ఒకే బోర్డు మీద అన్నీ ఉంటాయి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. మానిటర్ అక్కర్లేదు, కీబోర్డ్ అక్కర్లేదు. ఆరెంజ్ పై లాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి, ఏదైనా ఒకటే పని. బోర్డు, మెమరీ కార్డు, మంచి అడాప్టర్, ప్లాస్టిక్ డబ్బా అన్నీ కలిపి మోడల్‌ని బట్టి కొన్ని వేల రూపాయలు. కరెంటు మూడు నాలుగు వాట్లు తింటుంది, అంటే నెలంతా ఆపకుండా నడిపినా మూడు యూనిట్ల దగ్గర. రౌటర్ పక్కన పెట్టి లాన్ కేబుల్ గుచ్చి వదిలేస్తే ఇరవై నాలుగ్గంటలూ అక్కడే కూర్చుని లైనుని చూస్తూ ఉంటుంది. మీ కుర్రాడు చేయలేనిది అదొక్కటే కదండీ, రాత్రంతా ఆ ఇంట్లో కూర్చోలేడు.

అది చేసే పని చాలా సులువు, అందుకే దాని మాట నమ్మొచ్చు. కొన్ని సెకన్లకోసారి మూడు చోట్లకి పింగ్, అంటే "ఉన్నావా" అని అడిగే చిన్న సందేశం, పంపుతుంది. మొదటిది ఇంట్లో రౌటర్‌కి. రెండోది ఇల్లు దాటాక మీ నెట్‌వర్క్‌లో తగిలే మొదటి మజిలీకి, అంటే దారిలో రెండో హాప్‌కి. మూడోది 8.8.8.8 లాంటి బయటి అడ్రస్‌కి. జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో, అసలు వచ్చిందో లేదో టైముతో సహా రాసుకుంటుంది. మొదటిదే పోతే తప్పు ఇంట్లో ఉంది. మొదటిది ఉండి రెండోది పోతే ఇంటికీ మీ పాయింట్‌కీ (చుట్టుపక్కల లైన్లన్నీ కలిసే మీ సెంటర్‌కి) మధ్య, అంటే ఫైబర్, జాయింట్, లైనుని పంచే స్ప్లిట్టర్, కరెంటు లేని స్తంభం డబ్బా, వీటిలో ఏదో ఒకటి. మొదటి రెండూ బాగుండి మూడోది సాగిందంటే తప్పు మీ పాయింట్‌కి పైన ఉంది, చాలావరకు అక్కడి నుంచి పైకి వెళ్ళే లింకు నిండిపోయి ఉంటుంది. దీంతో పాటు అప్పుడప్పుడూ ఒక వెబ్‌సైట్ పేరుని అడ్రస్‌గా మార్చమని మీ డీఎన్‌ఎస్‌ని అడిగి చూస్తుంది, ఎందుకంటే జనం "నెట్ లేదు" అనే వాటిలో కొన్ని నిజానికి డీఎన్‌ఎస్ పడిపోయినవి. ఎంటీఆర్ అనే టూల్‌తో దారి పొడుగునా ఏ హాప్ దగ్గర ప్యాకెట్లు (డేటా ముక్కలు) రాలిపోతున్నాయో చూడొచ్చు, ఐపెర్ఫ్‌తో అసలు ఎంత స్పీడ్ పడుతోందో కొలవొచ్చు. ఇవన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్లు, మీ ఇంజినీర్లకి కొత్తవేం కాదు.

ఒక లంక ఊళ్ళో జరిగింది చెబుతాను. మందుల షాపు. బిల్లింగ్, స్టాక్ ఆర్డర్లు, ఫోన్‌పే అన్నీ నెట్ మీదే. లైను ఉన్నట్టుండి పోతుంది, నిమిషంలోపే వస్తుంది. కుర్రాడు వచ్చినప్పుడల్లా బాగుంది. డబ్బా మార్చారు, రౌటర్ మార్చారు, అడాప్టర్ మార్చారు. షాపాయన చివరికి "మీ కంప్యూటరే పాడైందండీ" అనే మాట కూడా పడ్డాడు. అక్కడ ఒక బోర్డు పెట్టి వచ్చాను. తర్వాత నా ఇంట్లో కూర్చుని దాని లాగ్ తెరిస్తే వరసలు ఇలా ఉన్నాయి:

16:42:10 – రౌటర్ 0.6 మి.సె. – రెండో హాప్ 4 మి.సె. – బయట 31 మి.సె.
16:42:20 – రౌటర్ 0.5 మి.సె. – రెండో హాప్ జవాబు లేదు – బయట జవాబు లేదు
16:42:30 – రౌటర్ 0.6 మి.సె. – రెండో హాప్ జవాబు లేదు – బయట జవాబు లేదు
16:42:40 – రౌటర్ 0.6 మి.సె. – రెండో హాప్ 4 మి.సె. – బయట 30 మి.సె.

రౌటర్ చెక్కు చెదరలేదు. షాపాయన కంప్యూటర్‌కి ఈ గొడవతో సంబంధమే లేదు. పోవడాలన్నీ ఎక్కువగా సాయంత్రం పూట, గాలి తిరిగే వేళ. ఓఎన్‌యూ పేజీలో లోపలికొచ్చే వెలుగు ఎంతుందో డీబీఎం అనే కొలతలో చూపిస్తుంది కదా, దాన్ని కూడా నిమిషానికోసారి చదివి రాసుకోమని బోర్డుకి చెబితే, మామూలుగా మైనస్ 24 దగ్గరుండేది లైను పోయే ముందు మైనస్ 28, 29కి దిగిపోతోంది. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఎక్కువగా వాడే బీ ప్లస్ క్లాసులో ఓఎన్‌యూ తట్టుకునే హద్దు మైనస్ 27. ఇక వెతకాల్సింది వైరు వచ్చే కొబ్బరి తోటలోనే. స్తంభం నుంచి షాపుకొచ్చే డ్రాప్ వైరుని దారిలో ఒక కొబ్బరి చెట్టుకి ఇనప తీగతో బిగించి కట్టారు, గాలికి చెట్టు ఊగితే ఆ కట్టు దగ్గర వైరు మడత పడుతోంది, ఫైబర్ మడత పడితే వెలుగు బయటికి కారిపోతుంది. లాగ్ కాగితం చూపించాక మీ కుర్రాడే పైకెక్కి ఆ కట్టు విప్పి, వైరు కాస్త వదులుగా వేరే దారిన లాగాడు. పని అరగంట. ఆ అరగంట పని దగ్గరికి చేరడానికి అన్నాళ్ళు పట్టింది, అన్ని డబ్బాలు మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చు మీదే కదా.

ఇంట్లో కూర్చుని లాగ్ ఎలా చూశానంటే, అదీ చెప్పాలి, ఎందుకంటే దీని మీదే మీ ఆఫీసులో ఒకాయన నాతో వాదించారు. మన ఇళ్ళ కనెక్షన్లకి ఎక్కువగా సొంత పబ్లిక్ ఐపీ (బయటికి కనపడే అడ్రస్) ఉండదు, చాలా ఇళ్ళకి ఒకే అడ్రస్ పంచే సీజీనాట్ వెనకాల ఉంటాయి, కాబట్టి బయటి నుంచి నేరుగా లోపలికి వెళ్ళలేం. అందుకని బోర్డే లోపలి నుంచి బయటికి ఫోన్ చేసినట్టు ఒక అద్దె సర్వర్‌కి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో టన్నెల్, అంటే ఎవరూ తొంగిచూడలేని దారి, వేసుకుంటుంది. వైర్‌గార్డ్ 2020లో లినక్స్ కెర్నల్‌లోనే చేరింది, తేలికైనది. అది కుదరని చోట అదే పని చేసే రివర్స్ ఎస్‌ఎస్‌హెచ్. రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. "కస్టమర్ మా నెట్‌వర్క్‌లో ఏవో పరికరాలు పెడితే సెక్యూరిటీ సమస్య" అన్నారు ఆ అధికారి. అయ్యా, అది మీ ఓఎన్‌యూకి ఇవతల, కస్టమర్ ఇంట్లో, ల్యాప్‌టాప్ ఎలాగో అలాగే ఉంటుంది. ఎవరి ట్రాఫిక్కూ చూడదు, తను పంపిన పింగ్‌లు తనే లెక్కపెట్టుకుంటుంది. పాస్‌వర్డ్‌తో లాగిన్ మూసేసి డిజిటల్ కీ ఉన్నవాళ్ళకే తలుపు తీస్తాం. ఒకప్పుడు ఈ బోర్డులన్నిటికీ ఒకే డిఫాల్ట్ యూజరు, ఒకే పాస్‌వర్డు వచ్చేది, అది నిజంగానే ప్రమాదం, 2022 ఏప్రిల్‌లో దాన్ని తీసేశారు. భద్రత గురించి మీకు షరతులుంటే కాగితం మీద రాసివ్వండి, పాటిస్తాం. అసలు వద్దు అనడం మాత్రం జవాబు కాదు.

ఇంకో మాట కూడా విన్నాను, "స్పీడ్ టెస్ట్ బాగుంది కాబట్టి లైను బాగున్నట్టే." స్పీడ్ టెస్ట్ అర నిమిషం చూస్తుంది. అది కొలిచే సర్వర్ చాలాసార్లు మీ నెట్‌వర్క్‌కి దగ్గర్లోనే ఉంటుంది. ఆ అర నిమిషంలో 100 ఎంబీపీఎస్ వచ్చినా, రాత్రి తొమ్మిదిన్నరకి వందలో పది ప్యాకెట్లు పోతే వీడియో కాల్ నడవదు, ఓటీపీ పేజీ తెరుచుకోదు.

మీ తప్పు కానిదాన్ని మీ మీద నుంచి తీసేసేది కూడా ఈ బోర్డే, ఇది గమనించమని కోరుతున్నాను. నేను పెట్టిన చోట్ల కొన్నింట్లో తప్పు మీది కాదు. రౌటర్‌ని ఇనప బీరువా వెనకాల పెట్టిన ఇల్లుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్ళు మూడే, 1, 6, 11. వీధిలో ఇళ్ళన్నీ ఒకే ఛానల్‌లో ఉంటే వైఫై కొట్టుకుంటుంది. ఒకరు ఫోన్ నుంచి పెళ్ళి వీడియో అప్‌లోడ్ పెడితే ఇంట్లో మిగతావాళ్ళందరి పింగ్ ఆకాశానికెళ్ళేది ఇంకొకటి. లాన్ కేబుల్‌తో కూర్చున్న బోర్డు "బయట లైను బాగుంది" అని చెబితే ఆ ఇంటాయన మీతో పోట్లాడడు, రౌటర్ జరుపుకుంటాడు. మీ కుర్రాడికి ఒక ట్రిప్పు తప్పుతుంది.

లోపాలు లేవనను. కరెంటు ఉన్నట్టుండి పోయి వస్తుంటే మెమరీ కార్డు చెడిపోతుంది, మన డెల్టాలో కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. కార్డుని చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా ఓవర్‌లే పెట్టి, లాగ్‌ని గంటగంటకీ సర్వర్‌కి పంపేస్తే ఆ బెడద తగ్గుతుంది. ఫోన్ చార్జర్ గుచ్చితే వోల్టేజ్ చాలక బోర్డు తిక్క వేషాలు వేస్తుంది, దాని అడాప్టరే వాడాలి. సముద్రపు గాలికి అంతర్వేది, ఓడలరేవు వైపు పిన్నులు చిలుముపడతాయి, మూత గట్టిగా ఉన్న డబ్బా కావాలి. ఇంకొక ముఖ్యమైనది: పై 5 వచ్చేదాకా ఈ బోర్డుల్లో సొంత గడియారం లేదు, 5లో కూడా బ్యాటరీ విడిగా పెట్టుకోవాలి. కరెంటు పోయి వచ్చాక నెట్ లేకపోతే బోర్డుకి టైము తెలీదు, తప్పు టైముతో లాగ్ రాస్తే దాన్ని సాక్ష్యంగా చూపలేం. డీఎస్3231 అనే చిన్న గడియారం ముక్క కొన్ని వందల్లో వస్తుంది, అది పెట్టకుండా ఎక్కడా పెట్టొద్దని నా గట్టి సలహా. లైను మొత్తం తెగిపోతే బోర్డు కూడా బయటికి మాట్లాడలేదు, నిజమే, కానీ ఏ నిమిషంలో మౌనం మొదలైందో సర్వర్‌కి తెలుస్తుంది. ముఖ్యమైన చోట్ల ఒక 4జీ డాంగిల్ గుచ్చితే ఆ మౌనం కూడా ఉండదు.

ఇప్పుడు జనం సంగతి. మీ లెక్కల్లో ఇది "ఇంటర్మిటెంట్ ఇష్యూ", తక్కువ ప్రాధాన్యం. మా ఊళ్ళల్లో ఏమవుతోందో వరసగా రాస్తున్నాను.

1. దాళ్వా (రెండో పంట వరి) మాసూళ్ళ టైములో రైతు సేవా కేంద్రం దగ్గర ట్రాక్టర్లు బారులు తీరతాయి. ధాన్యం వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కాలి, ట్రక్ షీట్ అనే రవాణా కాగితం రావాలి, అప్పుడే మిల్లుకి వెళ్ళేది. నెట్ వచ్చిపోతుంటే సగం నింపిన పేజీ పోతుంది, మళ్ళీ మొదటి నుంచి. అప్పుడే మబ్బేస్తే ధాన్యం తడిసి తేమ శాతం పెరిగిపోతుంది, రేటు తెగ్గొడతారు. ఆ కోత రైతు జేబులోంచి పోతుంది. "సర్వర్ డౌనండీ" అనే మాటతో అందరూ తప్పించుకుంటారు, నిజంగా సర్వర్ డౌనా, మన ఊరి జాయింట్ డబ్బాలో నీళ్ళు చేరాయా అన్నది ఎవరూ తేల్చరు. మూడు పింగ్‌ల బోర్డు అయితే అక్కడికక్కడే తేల్చేస్తుంది.

2. మా ఇళ్ళల్లోంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్‌లలో ఇళ్ళల్లో పనికి వెళ్ళారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటారు. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఎనిమిదింటికి ఆ తల్లి పని ముగించి ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర, సరిగ్గా మీ లింకులు నిండిపోయి ఉండే టైము. బొమ్మ ఆగిపోతుంది, మాట ముక్కలవుతుంది, పిల్లాడు నిద్రకాగలేక పడుకుంటాడు. ఆమెకి ఆ రోజుకి అంతే. ఇది ఏ రిపోర్టులోనూ రాదు కాబట్టి నేను ఇక్కడ రాస్తున్నాను, ఎంత రాసినా తక్కువే.

3. భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ మీటర్లు, ఏరియేటర్లు ఫోన్లోంచి చూసుకునే రైతులు పెరుగుతున్నారు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ అలర్ట్ రాకపోతే పొద్దున్నకి సరుకు తేలిపోతుంది. లక్షల అప్పు.

4. సచివాలయంలో సర్టిఫికెట్ కోసం కూలి మానుకుని వచ్చినవాళ్ళు "రేపు రండి" అనిపించుకుని తిరిగెళతారు.

5. ఇంటి నుంచి పనిచేసే పిల్లలు మీటింగ్ మధ్యలో లైను పోతే మేనేజర్‌కి ఏం చెప్పాలో తెలీక టెన్షన్ పడతారు. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో నెట్ ఆపేసినప్పుడు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని పక్క ప్రాంతాలకి పరిగెత్తినవాళ్ళు వీళ్ళే. అది వేరే కారణం, ఆ సంగతి ఇక్కడ వద్దు, కానీ ఉద్యోగం కోసం ఊరొదిలి వెళ్ళక్కర్లేదని సంబరపడ్డ ఇళ్ళు మళ్ళీ హైదరాబాద్‌లో అద్దె గది వెతుక్కుంటున్నాయి.

6. వరదల్లో కనకాయలంక కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి ఉండదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఆగితే నర్సాపురం వైపు నుంచి మనిషి రావాలంటే చుట్టు తిరగాలి. అప్పుడు మీ కుర్రాడు రాలేడు, తప్పు లేదు. బోర్డు అయితే అవతలి ఒడ్డున ఉండి కూడా ఏ ఊరు బతికుంది, ఏది పోయింది చెబుతుంది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర్లో తీరం దాటిన తర్వాత కొబ్బరి చెట్లు, స్తంభాలు పడిపోయి ఏ లైను ముందు పట్టుకోవాలో తెలియక ఎంత తిరిగారో మీ కుర్రాళ్ళనే అడగండి. ఫైబర్ ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో ఓటీడీఆర్ మిషన్ చెబుతుంది, కానీ ఆ మిషన్‌ని ముందు ఏ ఊరికి తీసుకెళ్ళాలో చెప్పేది మౌనంగా ఉన్న బోర్డుల జాబితా.

ఇలాంటిది ప్రపంచంలో ఎవరూ చేయలేదనుకోకండి. అమెరికాలో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2011 నుంచి ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళల్లో చిన్న డబ్బాలు పెట్టి బ్రాడ్‌బ్యాండ్ కొలిచి నివేదికలు వేసింది. యూరప్‌లో రైప్ ఎన్‌సీసీ అనే సంస్థ 2010 నుంచి రైప్ అట్లాస్ పేరుతో ప్రపంచమంతా వాలంటీర్ల దగ్గర ఇలాంటి కొలత పరికరాలు పెట్టింది, 2020 నుంచి దాని సాఫ్ట్‌వేర్‌ని రాస్ప్‌బెర్రీ పైలో కూడా వేసుకోవచ్చు. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా 2024లో సేవల నాణ్యత నిబంధనలు కొత్తగా తెచ్చింది, ఆ అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి, లేటెన్సీ (జవాబు వచ్చే ఆలస్యం), ప్యాకెట్ల నష్టం, రిపేరు గడువు అన్నీ అందులో ఉన్నాయి. కానీ టెలికాం లెక్కల్లో మన సర్వీస్ ఏరియా అంటే ఆంధ్రా, తెలంగాణ రెండూ కలిపి. అంత పెద్ద సగటులో ఒక లంక ఊరి రాత్రి పది గంటలు ఎక్కడ కనపడతాయి చెప్పండి?

కాబట్టి మేం అడిగేవి ఇవి.

1. టైముతో సహా ఉన్న పింగ్ లాగ్‌ని ఫిర్యాదుతో పాటు సాక్ష్యంగా తీసుకోండి. "మేం వచ్చినప్పుడు బాగుంది" అన్న కారణంతో టికెట్ మూయొద్దు. మూసే ముందు కనీసం మూడు రాత్రుల కొలత చూడండి, అందులో రాత్రి ఎనిమిది నుంచి పదకొండు గంటలు తప్పనిసరి.

2. ఓఎన్‌యూ పేజీలో వెలుగు ఎంత వస్తోందో చూసే వీలు కస్టమర్‌కి ఇవ్వండి. మార్చే అధికారం అక్కర్లేదు, చూస్తే చాలు. చాలాచోట్ల ఆ పేజీకి మీ పాస్‌వర్డ్ పెట్టి మూసేశారు. మందుల షాపులో అది తెరిచి ఉండబట్టే తప్పు దొరికింది.

3. ప్రతి పాయింట్‌లో మీవైపు నుంచి ఒక ఐపెర్ఫ్ సర్వర్ పెట్టండి. ఇంటి నుంచి మీ పాయింట్ దాకా ఎంత స్పీడ్, అక్కడి నుంచి పైకి ఎంత అన్నది విడివిడిగా తేలిపోతుంది. దానికీ ఇలాంటి చవక బోర్డు చాలు, అయితే పై 3 లాంటి పాతవి కాకుండా పూర్తి గిగాబిట్ పోర్టున్న పై 4 లాంటిది పెట్టాలి, లేకపోతే బోర్డే అడ్డంపడి తప్పు అంకె చూపిస్తుంది.

4. జిల్లా యంత్రాంగానికి: ముందు లంక గ్రామాల్లో సచివాలయం, రైతు సేవా కేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, హైస్కూలు, ఈ నాలుగు చోట్ల ఒక్కో బోర్డు పెట్టించండి. గడియారం ముక్క, చిన్న యూపీఎస్, 4జీ డాంగిల్‌తో సహా. ఒక్కో చోట ఖర్చు ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధరకి మించదు. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలకి ఇది మంచి ప్రాజెక్టు, అటల్ టింకరింగ్ ల్యాబులున్న స్కూళ్ళ పిల్లలు కూడా పట్టుకోగలరు. నేర్పడానికి నాలాంటి వాళ్ళం వస్తాం, డబ్బు అడగం.

5. ఆ కొలతలు జనానికి కనపడేలా పెట్టండి. ఊరు పేరు, టైము, ఎక్కడ పోయింది, అంతే. ఏ ఇంటి వివరాలూ, ఎవరి బ్రౌజింగూ అందులోకి రాకూడదు. ప్యాకెట్లు తెరిచి చూసే టూల్స్ ఈ బోర్డుల్లో వేయకూడదని మీరే రూలు పెట్టండి, దాన్ని మేమే ముందు సమర్థిస్తాం.

6. రాత్రి లింకు నిండిపోతోందని కొలతల్లో తేలిన పాయింట్‌కి పై లింకు ఎప్పటికి పెంచుతారో తేదీ చెప్పండి. కనెక్షన్లు అమ్ముకుంటూ పోయి లింకు మాత్రం పాతదే ఉంచడం న్యాయం కాదు. కేబుల్ ఆపరేటర్ అన్నలకి కూడా ఈ మాట చెబుతున్నాను, మీకు పైన సంస్థ ఇవ్వకపోతే జనం తరఫున మాతో కలిసి అడగండి.

7. లైన్ కుర్రాళ్ళకి ఎన్ని ఫిర్యాదులు మూశారన్న లెక్క మీద డబ్బులిచ్చే పద్ధతి ఎక్కడుంటే అక్కడ మార్చండి. అదే తప్పు మళ్ళీ రాకుండా చేసినందుకు ఇవ్వండి.

ఇందులో మొదటి రెండు కోరికలకి మీకు రూపాయి ఖర్చు లేదు, కాబట్టి వాటిని బడ్జెట్ పేరు చెప్పి ఆపొద్దు. మిగతావాటికి ఏది కుదురుతుంది, ఏది కుదరదు, ఎందుకు కుదరదు అన్నది రాతపూర్వకంగా చెప్పండి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు మండలాల్లో బోర్డు పెట్టించుకోవడానికి ఒప్పుకున్న షాపుల వాళ్ళూ, ఇళ్ళవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ లాగ్‌లు ఫిర్యాదు నంబర్లతో కలిపి ప్రతి నెలా మొదటి వారంలో మీ ఆఫీసుకి పంపుతాం. అందినట్టు స్టాంపు వేసిన రసీదు ఇవ్వండి, పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వండి. జవాబు రాకపోతే అవే కాగితాలు మీ పైవారి అప్పీల్ విభాగానికీ, కలెక్టర్ గారి దగ్గర సోమవారం అర్జీలకీ తీసుకెళతాం.

ఇట్లు,
రాజోలు ప్రాంతంలో నెట్‌వర్క్ పని చేసుకునే ఒక టెక్నీషియన్,
మరియు లైను సరిగ్గా రాక ఇబ్బంది పడుతున్న చందాదారులు